గీత నడిచింది, నాడి లేదు

చిరంజీవి బుల్లికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ అలవాటుగా రాసేదాన్ని. ఈసారి మాత్రం రాశాక ఒకసారి తల తిప్పి చూసి, నిజమేనని నమ్మకం కుదిరాక ముందుకు వెళ్తున్నాను. నాన్న కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, బేకరీ వాళ్ళ బోర్డుకు అక్షరాలు పెన్సిలుతో గీస్తున్నారు. నిచ్చెన ఎక్కి కుంచె పట్టడానికి ఇంకో నెల ఆగమన్నారు. నువ్వూ, మీ వాతావరణ కేంద్రంలో మిగతా ముగ్గురూ క్షేమమని, ఆ దీవిలో గాలులు కాస్త తగ్గాయని తలుస్తాను.

శుక్రవారం పడవలో వేసిన నీ ఉత్తరం సోమవారం చేరింది. ప్రశ్నలు నాలుగు, వాటికి నంబర్లు. నా కడుపున పుట్టి నంబర్లు వెయ్యకుండా ఎలా రాస్తావులే. మొదటి మూడింటికీ వరసగా జవాబు రాస్తాను. నాలుగోది నువ్వు ప్రశ్నగా రాయలేదు, తీర్పుగా రాశావు. "ఆ ఉప్పు పంపింది నేనే కదమ్మా. నాన్నను చంపబోయింది నేనే. ఏ ముఖం పెట్టుకుని ఇంటికి రాను? వచ్చే పడవకు రాజీనామా కాగితం ఇచ్చి ఎక్కడికో అక్కడికి పోతాను" అన్నావు. ఆ వాక్యం దగ్గర సిరా అలుక్కుపోయి ఉంది. దానికి జవాబు రాయాలంటే ముందు జరిగిందంతా నీకు తెలియాలి. అందుకని కాస్త ఓపిక పట్టు.

ఒకటో ప్రశ్న, నాన్న నిజంగా ఎలా ఉన్నారని. ఆస్పత్రి నుంచి వచ్చి తొమ్మిది రోజులైంది. లేచి తిరుగుతున్నారు. మెట్లు మాత్రం ఒక్క అంతస్తే, అదీ నేను వెనకాల ఉంటేనే. ఛాతీ నొక్కినప్పుడు పక్కటెముకలు రెండు విరిగాయి. అవి వాటంతటవే అతుక్కోవాలట. దగ్గితే నొప్పి, తుమ్మితే నొప్పి, నవ్వితే మరీ నొప్పి. అందుకే మీ బాబాయిని నెల దాకా ఈ గడప తొక్కొద్దన్నాను, ఆయన నోరు మూసుకుని కూర్చోలేడు కదా. కిడ్నీలు ఇదివరకటి స్థితికి వచ్చాయి. ఆస్పత్రిలో రెండుసార్లు యంత్రంతో రక్తం శుభ్రం చేశారు, ఇక అవసరం లేదన్నారు. వారానికోసారి రక్త పరీక్ష.

జ్ఞాపకం కొంచెం తడబడుతోంది. ఆ వారం ఆయనకు బొత్తిగా గుర్తు లేదు. మొన్న ఉన్నట్టుండి, "మన వీధి చివర ఆ పోస్టాఫీసు ఎప్పుడు కట్టారే?" అని అడిగారు.

"మన పెళ్ళికి ముందే ఉందండీ."

"చూశావా అన్యాయం! పోస్టాఫీసు మర్చిపోయాను, పెళ్ళి మాత్రం నిన్ననే అయినట్టుంది" అని నవ్వబోయి పక్క పట్టుకున్నారు. తగిన శాస్తి అన్నాను. అదీ నాన్న పరిస్థితి. ఏమీ దాచలేదు.

రెండో ప్రశ్న. బాబాయి వైర్‌లెస్‌లో నీకు పంపిన కబురు అర్థం కాలేదన్నావు. "తెర మీద గీత నడుస్తోంది గానీ గుండె ఆగిపోయింది" అంటే ఏమిటని అడిగావు. నాకూ ఆ రోజు అర్థం కాలేదు, తల్లీ.

అంతకు ముందు నాలుగు రోజులుగా నాన్నకు విరేచనాలు. కడుపు కుదుటపడింది గానీ నీరసం పోలేదు. మంగళవారం పొద్దున ఇంట్లోనే మందుల షాపు బోర్డు రాస్తూ కుంచె జారవిడిచారు. తీసిచ్చాను. మళ్ళీ జారింది. "ఏమే, ఈ కాళ్ళు నావి కానట్టున్నాయి. ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంది" అన్నారు. మణికట్టు పట్టుకుని గడియారం చూశాను. నిమిషానికి నలభై కూడా కొట్టుకోవడం లేదు.

పక్కింటి టాక్సీ ఆయన లుంగీ మీదే వచ్చేశాడు. "వదినా, నాకివాళ లైట్లన్నీ పచ్చగానే కనబడతాయి. మీరు కళ్ళు మూసుకోండి" అన్నాడు. నేను మూసుకోలేదు, అన్నీ ఎర్రవే. పది కాకముందే అత్యవసర విభాగంలో ఉన్నాం.

అది పొడుగాటి హాలు, నీలం పరదాలతో అరలుగా విడదీశారు. మా అరలో మంచం, గోడకు టీవీ లాంటి చిన్న తెర, మందుల బండి. నాన్న ఛాతీకి తీగలు అంటించారు. డాక్టరమ్మ నీకంటే ఓ పదేళ్ళు పెద్దదేమో. తెర మీద అలలు చూసి, "మరీ వెడల్పుగా ఉన్నాయి. రక్తం త్వరగా పంపండి" అంది. చిన్న డాక్టరు రక్తం తీసి పంపాడు. "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని నాన్న అతన్ని కుశలమడుగుతున్నారు. అడుగుతూ అడుగుతూనే మాట ఆగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళు నన్ను చూడటం లేదు.

నేను తెర వైపు చూశాను. ఆకుపచ్చ గీత నడుస్తూనే ఉంది. నెమ్మదిగా, పెద్ద పెద్ద అలలుగా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. నా ప్రాణం కుదుటపడింది. పెద్ద నర్సు మాత్రం నాన్న మెడ మీద రెండు వేళ్ళు పెట్టి నిలబడింది.

"నాడి లేదు" అంది.

"ఉందమ్మా, అదిగో, గీత నడుస్తోంది కదా" అన్నాను.

"గీతను నమ్మకూడదమ్మా. మెడను నమ్మాలి" అంటూనే మంచమెక్కి, మోకాళ్ళ మీద నిలబడి ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది.

చిన్న డాక్టరు షాకిచ్చే యంత్రం లాగబోయాడు. "వద్దు. దీనికి షాక్ పనిచెయ్యదు. అడ్రినలిన్ ఇవ్వండి, టైము చెప్తూ ఉండండి" అంది డాక్టరమ్మ.

దీన్ని నాకు తర్వాత విడమరిచి చెప్పారు. నేను అర్థం చేసుకున్నట్టుగా నీకు చెప్తాను, తప్పుంటే మీ దీవికి వచ్చే డాక్టరును అడిగి దిద్దుకో. మన మేడ మీది ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు ఉంది కదా. ఒక్కోసారి స్విచ్ దగ్గర దీపం వెలుగుతూనే ఉంటుంది, కుళాయిలో చుక్క రాదు. తెర మీది గీత ఆ దీపం లాంటిది. కరెంటు వస్తోందని చెప్తుందే గానీ నీళ్ళెక్కుతున్నాయని చెప్పదు. గుండెలో కరెంటు పిచ్చిపట్టినట్టు అడ్డదిడ్డంగా పరిగెడితే షాకిచ్చి దారిలో పెడతారట. నాన్నకు కరెంటు నడుస్తూనే ఉంది, కండరమే దాని మాట వినడం లేదు. అప్పుడు షాక్ ఎందుకు? చేతులతో నొక్కి రక్తం నడిపిస్తూ, ఊపిరి అందిస్తూ, ఈలోగా కారణం వెతకాలి. కారణం దొరికితే మనిషి దక్కుతాడు, దొరక్కపోతే లేదు. ఉన్న సమయం నిమిషాల్లోనే.

వాళ్ళు వెతకడం నేను కళ్ళారా చూశాను. రెండు నిమిషాలకోసారి నొక్కే మనిషి మారేవాడు. ఆ మారే క్షణంలో పెద్ద నర్సు మెడ మీద వేళ్ళు పెట్టేది, తల అడ్డంగా ఊపేది. ఒకడు నాన్న ముఖం మీద మాస్కు పెట్టి రబ్బరు సంచి పిసుకుతున్నాడు. మూడు నాలుగు నిమిషాలకోసారి ఇంకో నర్సు "అడ్రినలిన్ వెళ్ళింది" అని కేకపెట్టేది. డాక్టరమ్మ ఒక్కో కారణమే పైకి అంటూ కొట్టేస్తోంది. లోపలెక్కడైనా రక్తం పోతోందా? కడుపు మెత్తగా ఉంది. నీళ్ళు తగ్గాయా? అయి ఉండొచ్చు, సెలైన్ వదలండి. ఊపిరితిత్తి చిరిగి గాలి నిండి గుండెను నొక్కుతోందా? రెండు పక్కలా గాలి సమంగానే వెళ్తోంది. గుండె చుట్టూ నీరు చేరిందా? ఒక క్షణం నొక్కడం ఆపించి, సబ్బుబిళ్ళంత పరికరం ఛాతీకి ఆనించి లోపలి బొమ్మ చూసింది. లేదు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందా? అలా కనబడటం లేదు. ఒళ్ళు చల్లబడలేదు. విషమా? మాత్రలా?

నన్ను బయటికి పంపబోయిన వార్డుబాయిని, "ఆవిడను ఉండనివ్వు. కారణం ఆవిడ దగ్గరే ఉండొచ్చు" అని డాక్టరమ్మ ఆపింది. నా వైపు తిరిగి, "అమ్మా, ఏం మాత్రలు వాడుతున్నారు? ఏం తిన్నారు?" అని అడిగింది.

సంచిలో నా నోటు పుస్తకం ఉంది. నువ్వూ మీ నాన్నా వెక్కిరించే పుస్తకమే. పొద్దుటి మాత్ర ఎప్పుడు, సాయంత్రం మాత్ర ఎప్పుడు, ఎన్ని గ్లాసుల నీళ్ళు, ఏం కూర, అన్నీ అందులో ఉంటాయి. ఆ వారం పేజీ తీశాను. గట్టిగా చదివాను. రక్తపోటు మాత్ర, రోజూ. కాళ్ళ వాపుకిచ్చిన నీటి మాత్ర, రోజూ. విరేచనాలు, నాలుగు రోజులు. నారింజ రసం, రోజుకు మూడు గ్లాసులు. ఉప్పు లేని కూర.

"బొత్తిగా ఉప్పు లేదా?" అంది.

"మామూలు ఉప్పు లేదండీ. కొత్త ఉప్పు వేస్తున్నాను. గుండెకు మంచిదది. రోజుకు మూడు చిన్న చెంచాలు, ఏడు వారాల నుంచీ."

ఆవిడ ఇక నాతో మాట్లాడలేదు. "పొటాషియం! కాల్షియం ఎక్కించండి. ఇప్పుడే, ఫలితం కోసం ఆగొద్దు" అని అరిచింది. నరంలోకి కాల్షియం, కాసేపటికి మళ్ళీ ఇంకొంత. ఆ వెనక చక్కెర నీళ్ళతో కలిపి ఇన్సులిన్. ఇదంతా జరుగుతున్నంతసేపూ నొక్కుతూనే ఉన్నారు. తెర మీది వెడల్పాటి అలలు సన్నబడటం నేను చూశాను, ఈసారి మాత్రం నమ్మలేదు. నర్సు వేళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాను. పధ్నాలుగో నిమిషంలో ఆ వేళ్ళు కదలకుండా అలాగే ఉండిపోయాయి. పైకెత్తలేదు, తల ఊపలేదు.

"వచ్చింది" అంది. అని, మంచం దిగి, గోడకు ఆనుకుని, చెప్పు ఊడిపోయిందని వెతుక్కుంది.

మూడో ప్రశ్న, పొటాషియం ఎందుకు పెరిగిందని. ఇప్పటికి సగం నీకే తెలిసి ఉంటుంది. మామూలుగా ఐదు దాటకూడదట, నాన్నది ఎనిమిది దాటింది. అంత పెరిగితే గుండె కండరం మొద్దుబారిపోతుంది. నాన్న కిడ్నీలు ముందే కాస్త బలహీనం. వేసుకునే మాత్రలు రెండూ పొటాషియంను ఒంట్లోనే ఉంచేసేవట. విరేచనాలతో నీళ్ళు తగ్గి కిడ్నీలు ఇంకా మందగించాయి. నీరసం పోతుందని నేనిచ్చిన నారింజ రసంలోనూ అదే ఉంది. ఇక ఆ ఉప్పు. మామూలు ఉప్పులో ఉండే సోడియం తీసేసి దాని బదులు వేసేది పొటాషియమేనట. ఆరోగ్యంగా ఉన్న మనిషికి మేలు చేసేదే. నాన్నలాంటి మనిషికి కాదు. ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంది.

ఇప్పుడు నీ నాలుగోది.

ఇక్కడికి వచ్చి కలం పక్కన పెట్టి, వంటగదిలోకి వెళ్ళి, అవసరం లేకపోయినా గిన్నెలు రెండు తోమి వచ్చాను. రాయక తప్పదు.

ఉప్పుతో పాటు నువ్వొక చీటీ పెట్టావు. "అమ్మా, వెనక చిన్న అక్షరాల్లో కిడ్నీల గురించి ఏదో ఉంది. డాక్టరు గారిని అడిగాకే వాడు. అడిగి నాకు రాయి" అని. నేను నా పుస్తకంలో, అడగవలసినవి అనే పేజీలో, ఆరో వరసలో "ఉప్పు" అని రాసుకున్నాను. పక్కన ఖాళీ గడి. ఆ నెల మన డాక్టరు గారి దగ్గరికి వెళ్ళినప్పుడు మొదటి ఐదూ అడిగాను. ఒక్కోటి అడిగి ఒక్కో గడిలో టిక్కు పెట్టుకున్నాను. ఆరోదానికి సంచిలోంచి ప్యాకెట్టు సగం బయటికి తీశాను. ఆయన అప్పటికే గంట నొక్కారు, తర్వాతి మనిషి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అన్ని జబ్బులు చూసే మనిషిని పట్టుకుని ఉప్పు సంగతి అడిగితే నవ్విపోతారేమో అనిపించింది. ప్యాకెట్టు మళ్ళీ లోపలికి తోసేసి లేచి వచ్చేశాను.

బస్సులో పుస్తకం తెరిచాను. ఐదు టిక్కులు, ఒక ఖాళీ గడి. నా సంగతి నీకు తెలుసు. ఖాళీ గడి ఉంటే నాకు అన్నం సహించదు. ప్యాకెట్టు మీద ఎర్రగా గుండె బొమ్మ ఉంది కదా, గుండె కోసం చేసిందే కదా, ఆయనను అడిగితే మాత్రం ఏం చెప్తారు అనుకుని టిక్కు పెట్టేశాను. అడగకుండానే. ఇంటికి వచ్చి నీకు రాశాను, "డాక్టరు గారిని అడిగాను, వాడమన్నారు" అని. పుస్తకంలో పెట్టిన అబద్ధం ఉత్తరంలో పెట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అది ఒక్కటే అయితే నాలుగు తిట్లతో పోయేది. ఇంకోటి ఉంది. నాన్నను ఐసీయూలోకి మార్చాక డాక్టరమ్మ బయటికి వచ్చి, "ఈ ఉప్పు వాడమని మీకెవరు చెప్పారమ్మా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు, మామూలుగానే అడిగింది. "నేనే, ఎవరినీ అడక్కుండా" అనడానికి నాకు నోరు రాలేదు. "మా అమ్మాయి పంపిందండీ" అన్నాను. బాబాయి అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ మాట పట్టుకునే నీకు కబురు పంపాడు. ఆయన తప్పేమీ లేదు, విన్నదే చెప్పాడు. నువ్వు ఆ దీవిలో, వైర్‌లెస్ గదిలో ఒక్కదానివే కూర్చుని ఆ కబురు విని ఉంటావు. నేను ఇక్కడ నాన్న మంచం పక్కన కూర్చుని ఇరవై రోజులు నోరు మెదపలేదు. నాన్న కోలుకున్నాక చెప్తానని కొన్నాళ్ళు, ఇంటికి వచ్చాక చెప్తానని కొన్నాళ్ళు. నీ ఉత్తరంలో సిరా అలుక్కుపోయిన చోటు చూడకపోతే ఇంకెన్నాళ్ళు సాగదీసేదాన్నో.

ఆ ఉప్పు పంపింది నువ్వు. జాగ్రత్త చెప్పిందీ నువ్వే. ఆ జాగ్రత్తను తీసి అవతల పెట్టింది నేను. నువ్వు కాదు, బుల్లీ. నేను.

నిన్న ఆస్పత్రికి వెళ్ళి డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ ఫైలు తెప్పించి, ఏదో కొట్టేసి ఏదో రాసుకుంది. "ఆ డాక్టరు గారు మీకు ఎంతసేపు ఇచ్చారమ్మా?" అని అడిగింది. నాలుగు నిమిషాలన్నాను. "నాలుగు నిమిషాల్లో ఐదు ప్రశ్నలడిగారా!" అని ఫైలు మూసి, "మేం కూడా అడగాల్సింది. మందులేం వాడుతున్నారని అడుగుతాం, ఉప్పేం వాడుతున్నారని అడగం" అంది. ఓదార్పు కోసమే అని ఉంటుంది. నేను తీసుకోలేదు. కానీ వచ్చేటప్పుడు చూస్తే, ఆవిడ తన బల్ల మీది కాగితంలో "ఉప్పు ఏది?" అని రాసుకుంటోంది.

ఈ పొద్దున నాన్నకు చెప్పాను. కాఫీ తాగుతున్నారు. మొత్తం విన్నారు. కప్పు కింద పెట్టారు.

"అడగకుండానే టిక్కు పెట్టావా? నువ్వు?" అన్నారు.

"పెట్టాను."

"ఇరవై ఎనిమిదేళ్ళుగా, ఈవిడ పొరపాటనేది చెయ్యదురా భగవంతుడా అని భయపడుతూ బతుకుతున్నాను. నువ్వూ పొరపాటు చేస్తావని ముందే చెప్పి ఉంటే, ఆ భయం పోయి నా గుండె బాగుండేది" అన్నారు. అని నవ్వారు, నొప్పి పుట్టి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నావి నొప్పి వల్ల కాదు. తర్వాత నవ్వు ఆపి, "పిల్ల మీదికి తోశావే, అది మాత్రం నాకు నచ్చలేదు. వెంటనే రాయి. రాసి నాకు చదివి వినిపించు" అన్నారు. ఆ కోపం న్యాయమే. ఇప్పుడు రాస్తున్నది ఆయనకు చదివి వినిపించాకే కవరు అంటిస్తాను. బాబాయికి కూడా చెప్పాను. ఆయన మొదటిసారిగా జోకు వెయ్యలేదు.

ఈ ఉత్తరం చేరేలోపు నువ్వు రాజీనామా కాగితం ఇచ్చేసి ఉంటే, మీ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళి వెనక్కి తీసుకో. మా అమ్మ అబద్ధం చెప్పిందని చెప్పు, నేనేమీ అనుకోను. ఇది చదవగానే నన్ను క్షమించెయ్యకు. నువ్వు తొందరగా క్షమించే రకానివి, అదే నాకు భయం. కొన్నాళ్ళు కోపంగా ఉండు. కోపం వచ్చినట్టే రాయి, అక్షరాలు వంకరపోయినా ఫరవాలేదు. నాన్నకు పైకి చదివి వినిపిస్తాను, ఒక్క ముక్క కూడా మింగను.

సెలవు దొరకగానే రా. గుమ్మంలోనే నిలబడి ముందు నన్ను తిట్టు, ఆ తర్వాత కాళ్ళు కడుక్కుందువు గాని. తిట్టించుకోవడానికి నేనున్నాను. నీ వైపు మాట్లాడటానికి నాన్న ఉన్నారు.

ఇట్లు,
నువ్వు అడగమన్నది అడగని,
మీ అమ్మ